అసెంబ్లీలో ఒక పూట – అమ్మ ఎకరన్నర

మీ ఇంట్లో అసెంబ్లీ ఎవరు చూస్తారండీ? మా ఇంట్లో అయితే మావారే. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని టి.వి. ముందు కూర్చుంటారు. నేను వంటింట్లోంచి పోపు పెడుతూ ఆ కేకలు వింటూ ఉంటాను. "అధ్యక్షా... అధ్యక్షా..." అని ఒకరు, "కూర్చోండి, కూర్చోండి" అని ఇంకొకరు. వాళ్ళ గొడవ వాళ్ళది, మన కుక్కరు విజిల్ మనది అనుకుని ఊరుకునేదాన్ని. మీలో చాలామంది కూడా అంతేనని నాకు తెలుసు, మొహమాటపడకండి.

అలాంటి నేను కిందటి బడ్జెట్ సమావేశాలప్పుడు హైదరాబాదులో అసెంబ్లీకి వెళ్ళి, సందర్శకుల గ్యాలరీలో కూర్చుని వచ్చాను. ఒక్కదాన్నే కాదు, మా అమ్మాయీ, మా అమ్మా కూడా. అమ్మాయి డిగ్రీలో పొలిటికల్ సైన్సు చదువుతోంది, ఎలాగైనా చూడాలని పట్టుబట్టింది. మావారి స్నేహితుడికి ఎవరో ఎమ్మెల్యేగారి దగ్గర పరిచయం ఉంటే ఆయన చీటీ ఇప్పించి పాసులు తెప్పించారు. ఇందులో పెద్ద రహస్యమేం లేదు, మీ నియోజకవర్గం ఎమ్మెల్యే ఆఫీసులో అడిగితే మీకూ చెబుతారు. అమ్మ కళ్ళ డాక్టరుకి చూపించుకోవడానికని తెనాలి వైపు ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. ఒక్కతినే ఇంట్లో వదిలిపెట్టడం ఎందుకని తీసుకెళ్ళాం. అసలు ఈ వ్యాసం రాయవలసి వచ్చింది అమ్మ వల్లనే. అది తరువాత చెబుతాను.

పబ్లిక్ గార్డెన్స్ పక్కన, గోపురాలతో తెల్లగా మెరిసిపోతూ ఉంటుందే, ఆ భవనమే. బస్సులో వెళుతూ మీరూ చూసే ఉంటారు. నిజాం కాలంలో టౌన్ హాలుగా కట్టారట, 1913లో పూర్తయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ ఆవరణే రాష్ట్ర శాసనసభ అయింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలంగాణ సభ ఇక్కడే ఉంది, ఆంధ్రప్రదేశ్ సభ 2017లో వెలగపూడి వెళ్ళిపోయింది. పూర్వం ఒకే సభలో 294 స్థానాలు ఉండేవి. ఇప్పుడు ఇక్కడ 119, అక్కడ 175. కూడి చూసుకోండి, మళ్ళీ 294 వస్తుంది! అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టే ఉంది కదూ.

గేటు దగ్గర సెల్‌ఫోన్లు తీసేసుకున్నారు. చేతిసంచులు వెతికారు. అమ్మ సంచిలో స్టీలు డబ్బాలో పెరుగన్నం, మాగాయ ఉన్నాయి. వాటినీ బయటే ఉంచమన్నారు. "మాగాయతో ఎవరిని కొడతాను నాయనా?" అంది అమ్మ. ఆ పిల్లవాడు నవ్వాడే గానీ లోపలికి పోనివ్వలేదు. గ్యాలరీలో మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, లేచి నిలబడకూడదు. పాసు మీద రాసిన సమయం దాటితే ఇవతలికి వచ్చెయ్యాలి. గుళ్ళో కన్నా నిష్ఠగా కూర్చోవాలంటే నమ్మండి.

పది గంటలకు గంట మోగింది. స్పీకరుగారు రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఆయనకి కుడిచేతి వైపు మంత్రులూ, ప్రభుత్వ పక్షం వాళ్ళూ. ఎడమచేతి వైపు ప్రతిపక్షం. మధ్యలో బల్ల దగ్గర సెక్రటరీగారు, ఆయన ముందు రాసుకునేవాళ్ళు. ఎవరు ఏం మాట్లాడినా వీళ్ళు పొల్లుపోకుండా రాస్తారు. తెలుగులో మాట్లాడితే తెలుగులో, ఉర్దూలో మాట్లాడితే ఉర్దూలో. స్పీకరుగారు "రికార్డుల నుంచి తొలగిస్తున్నాం" అన్న మాటలు మాత్రం పుస్తకంలోకి ఎక్కవు. మన ఇళ్ళల్లో కూడా ఇలాంటి సదుపాయం ఉంటే బాగుండును అనిపించింది నాకు.

సభ నడవాలంటే కనీసం పదో వంతు మంది ఉండాలి, దానిని కోరం అంటారు. 119 మంది సభకి 12 మంది అన్నమాట. అంతకన్నా తగ్గితే గంట కొట్టి పిలుస్తారు.

మొదటి గంట ప్రశ్నలకి. సభ్యులు ముందుగానే రాసి పంపిన ప్రశ్నలు అచ్చువేసి అందరికీ ఇస్తారు. చుక్క గుర్తు ఉన్న ప్రశ్నకి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద ఇంకా ఇంకా అడగవచ్చు. చుక్క లేని ప్రశ్నకి కాగితం మీదే జవాబు. ఎవరో సభ్యుడు వాళ్ళ మండలంలో నీళ్ళ ట్యాంకు గురించి అడిగారు. జవాబులు చెప్పే పద్ధతి తమాషాగా ఉంటుంది. ప్రశ్నలో అ, ఆ, ఇ అని ముక్కలు ఉంటాయి. జవాబు కూడా అలాగే. "అ) లేదండి. ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు." అంటే మొదటి దానికే లేదన్నాం కాబట్టి రెండో దానికి జవాబు అక్కరలేదు అని. మా అమ్మాయి ఆ ముక్క పట్టేసింది. ఇంటికి వచ్చాక గిన్నెలు సర్దావా అని అడిగితే లేదండి అంటుంది, ఎందుకు సర్దలేదే అంటే ప్రశ్న ఉత్పన్నం కాదు అంటుంది. ఏం చెయ్యను చెప్పండి!

నవ్వుకి అన్నా గానీ ఆ గంట నాకు చాలా నచ్చింది. ట్యాంకు ప్రశ్న మీద ఆ సభ్యుడు మూడుసార్లు లేచి, పైపులు ఎప్పుడు వేస్తారు, డబ్బు మంజూరైందా, తేదీ చెప్పండి అని మంత్రిగారిని వదలకుండా అడిగారు. అంతమందిలో అందరూ వింటూ ఉండగా, రాసుకునేవాళ్ళు రాసుకుంటూ ఉండగా మంత్రి ఒక తేదీ చెప్పవలసి వచ్చింది. బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడే ఆడవాళ్ళ తరఫున అడిగినట్టే కదా. మీ వీధిలో అలాంటి అవసరం ఉంటే మీ ఎమ్మెల్యేకి ఊరికే అర్జీ ఇచ్చి రాకండి, దీన్ని సభలో ప్రశ్నగా వెయ్యండి అని అడగండి. ప్రశ్న పడితే శాఖ వాళ్ళు జవాబు రాసి పంపక తప్పదు, ఫైలు కదులుతుంది.

ఆ తరువాత జీరో అవర్. తలా రెండు నిమిషాలు తమ ఊళ్ళ ఇబ్బందులు చెప్పుకుంటారు. మంత్రులు "నోట్ చేసుకున్నాం" అంటారు. మధ్యలో ఒక విషయం మీద మాటా మాటా పెరిగింది, కొందరు స్పీకరుగారి ముందుకు వెళ్ళి నినాదాలు చేశారు. ఒక పావుగంట అయి ఉంటుంది. రాత్రి టి.వి. వార్తల్లో చూస్తే ఆ రోజు సభ అంటే ఆ పావుగంటే. మేము చూసిన మిగతాదంతా ఏమైపోయిందో! "మనం వెళ్ళింది ఈ అసెంబ్లీకేనా?" అంది మా అమ్మ.

ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారా అని కూడా లెక్కపెట్టుకున్నాను, మనకి ఆ యావ ఉంటుంది కదా. 2023 ఎన్నికల్లో ఇక్కడ 119 మందిలో గెలిచిన మహిళలు 10 మంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999 నుంచి 2004 దాకా ప్రతిభా భారతిగారు స్పీకరుగా ఉన్నారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే. మూడో వంతు సీట్లు మహిళలకి కేటాయించాలని 2023 సెప్టెంబరులో పార్లమెంటు రాజ్యాంగ సవరణ చేసింది గానీ, జనాభా లెక్కలూ, నియోజకవర్గాల పునర్విభజనా జరిగాకనే అని అందులోనే మెలిక పెట్టారు. ఈ మెలికల సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

టీ విరామం తరువాత మాకు ఇంకో పాసు దొరికింది. ఇప్పుడు పద్దులు. బడ్జెట్ పెట్టగానే అయిపోయిందని అనుకునేదాన్ని. కాదట. ఒక్కొక్క శాఖకి ఎంత కావాలో విడివిడిగా డిమాండ్ పెట్టి సభ ఒప్పుకోవాలి. ఇంట్లో మనం పాలకింత, స్కూలు ఫీజుకింత, మందులకింత అని చిట్టా రాసుకున్నట్టే. ఒక తేడా ఉంది. సభ ఆ మొత్తాన్ని ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచడానికి మాత్రం వీల్లేదు, గవర్నరు సిఫారసు లేకుండా డబ్బు అడగడానికే లేదు. ఇచ్చిన గడువులోగా చర్చ పూర్తికాని పద్దులన్నీ చివరి రోజున ఒక్కసారిగా ఓటుకి పెట్టేస్తారు. దానికి గిలెటిన్ అని పేరు. పేరు వినగానే అమ్మ భయపడింది.

ఇంక బిల్లు. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఒక మంత్రిగారు లేచి ఏదో చట్టానికి సవరణ బిల్లు పరిశీలనకి తీసుకోవాలని కోరారు. ఆ బిల్లు పేరు ఇక్కడ మనకి అక్కరలేదు. ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. తరువాత స్పీకరుగారు ఒక్కొక్క క్లాజూ నంబరు చెప్పి, ఒప్పుకునేవారు అవును అనండి, కాదనేవారు కాదు అనండి అనడం, ఇటువైపు నుంచి ఒక గొంతుల గుంపు, అంతే. "అవును అన్నవారిదే నెగ్గింది" అన్నారు. రెండో క్లాజు, మూడో క్లాజు. అందులో ఒకటి ఈ చట్టం ఫలానా తేదీ నుంచి అమలులోకి వచ్చినట్లు భావించబడుతుంది అని. దానికీ అవునన్నారు. మా ఇంట్లో ఉప్మాకి నీళ్ళు మరిగేంత సేపు కూడా పట్టలేదు.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "ఇంతేనా? తేదీ పెట్టడం అంటే ఇంతేనా?" అని గుసగుసగా అడిగింది. వాచ్ అండ్ వార్డు ఆయన పెదవి మీద వేలు పెట్టి సైగ చేశాడు. అమ్మ ఇంక ఆ తరువాత సభ చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

అమ్మకి తేదీతో పని ఏమిటో మీకు చెప్పాలి. మా ఇంటి విషయం పత్రికకి ఎక్కించడమేమిటని మావారు అన్నారు. అమ్మే రాయమంది.

మా తాతయ్యకి పిత్రార్జితం ఆరెకరాలు. మాగాణి, వరి కోశాక మినుము చల్లే నేల. పిల్లలు ముగ్గురు, పెద్దది అమ్మ, తరువాత మావయ్య, చిన్నది పిన్ని. అమ్మ పెళ్ళి 1980 ఏప్రిల్‌లో అయింది. పిన్ని పెళ్ళి 1985 వైశాఖానికి నిశ్చయం చేశారు. శుభలేఖలు అచ్చుకి ఇచ్చే సమయానికి పెళ్ళికొడుకు నాయనమ్మ పోయింది. ఏటిసూతకం అని ఏడాది ఆగి, 1986 మేలో చేశారు. ఇద్దరి పెళ్ళిళ్ళకీ తాతయ్య పెట్టిన ఖర్చు ఇంచుమించు ఒకటే, పెట్టిన బంగారమూ ఒకటే.

1998లో మావయ్య వ్యాపారం పెడతానని తన భాగం పంచి ఇమ్మన్నాడు. తాతయ్య వకీలు దగ్గరికి వెళ్ళాడు. వకీలు మొదట అడిగిన మాట, మీ ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఎప్పుడయ్యాయి అని. శుభలేఖలు ఉంటే తెమ్మన్నాడు. అమ్మమ్మ ట్రంకు పెట్టెలోంచి పసుపు రాసిన రెండు శుభలేఖలూ తీసి ఇచ్చింది. ఆయన రెండూ చూసి, చిన్నమ్మాయికి భాగం ఉంది, ఆవిడ సంతకం లేకుండా పంపకం చెల్లదు, పెద్దమ్మాయికి లేదు అన్నాడు. తాతయ్య, మావయ్య, పిన్ని మూడు భాగాలు, తలా రెండెకరాలు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. అమ్మ ఆ రోజు అందరికీ వంట చేసింది.

అమ్మ అప్పుడు ఒక్క మాట అనలేదు. కాని మనసులో మాత్రం, మావయ్యా పిన్నీ కలిసి తాతయ్యకి చెప్పి ఇలా చేయించారనే ఉండిపోయింది. చట్టం అంతే అంటే, "నాకు ఒక చట్టం, నా చెల్లెలికి ఒక చట్టం ఉంటుందా? ఒక తల్లి కడుపున పుట్టలేదా?" అనేది. 2003లో తాతయ్య వీలునామా రాయకుండానే పోయారు. ఆయన రెండెకరాలు అమ్మమ్మకీ, ముగ్గురు పిల్లలకీ నాలుగు భాగాలైతే అమ్మకి అర ఎకరం వచ్చింది. పిన్నికి మొత్తం రెండున్నర ఎకరాలు, అమ్మకి యాభై సెంట్లు. పిన్ని ప్రతి ఏడూ తన పొలంలో మినుములు ఒక మూట పంపిస్తుంది. అమ్మ వాటిని ఒక్కసారి కూడా నానబెట్టలేదు. పనిమనిషికో, ఇరుగుపొరుగుకో ఇచ్చేసేది. అడిగితే, పాత మినుములు ఉన్నాయిగా అనేది. నాకు తెలిసినా ఎప్పుడూ రెట్టించలేదు.

అసెంబ్లీ నుంచి వచ్చిన మర్నాడు అమ్మని మా అపార్టుమెంటులో ఉండే లాయరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పుస్తకం తీసి చూపించి చెప్పారు. అది మీకూ పనికివస్తుంది కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

హిందూ కుటుంబాల్లో 1956 చట్టం ప్రకారం తండ్రి స్వార్జితం ఆయన వీలునామా రాయకుండా పోతే కొడుకులకీ కూతుళ్ళకీ సమానమే. పిత్రార్జితం సంగతి అలా కాదు. అందులో కొడుకుకి పుట్టుకతోనే హక్కు, కూతురికి లేదు. దీన్ని మార్చి కూతురికి కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది మన ఆంధ్రప్రదేశ్ శాసనసభే. తమిళనాడు 1989లోనూ, మహారాష్ట్ర, కర్ణాటక 1994లోనూ మన వెనకాలే ఆ దారి పట్టాయి. అప్పుడు ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం. అది 1986లో 13వ చట్టం. శాసన మండలిని 1985లోనే రద్దు చేశారు (మళ్ళీ 2007లో వచ్చింది), కాబట్టి ఒక్క శాసనసభ ఒప్పుకుంటే చాలు. కేంద్ర చట్టాన్ని మార్చేది కనుక రాష్ట్రపతి ఆమోదం కూడా తీసుకున్నారు. అంటే మేము కూర్చుని వచ్చిన ఈ ఆవరణలోనే ఆ 294 మంది సభలో అది నెగ్గింది.

ఎంత మంచి చట్టమో చూడండి. కాని చివర్లో ఒక చిన్న ముక్క ఉంది. చట్టం అమలులోకి వచ్చేనాటికి పెళ్ళయిపోయిన కూతురికి ఇది వర్తించదు అని. అమలు తేదీ 5 సెప్టెంబర్ 1985. చట్టం వచ్చింది 1986లో, తేదీ మాత్రం వెనక్కి వెళ్ళింది. 1985 సెప్టెంబరు 4న తాళి కట్టించుకున్న పిల్లకి లేదు, 6న కట్టించుకున్న పిల్లకి ఉంది. పిన్ని పెళ్ళి అనుకున్నట్టు 1985 వైశాఖంలో అయిపోయి ఉంటే ఆవిడకీ లేనట్టే. ఎవరో ముసలావిడ, మా పిన్నిని చూడనైనా చూడని మనిషి, సరిగ్గా ఆ నెలలో కన్నుమూసింది కాబట్టి పిన్నికి రెండెకరాలు వచ్చాయి.

లాయరుగారు ఇది చదివి వినిపిస్తుంటే అమ్మ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ఆ ముక్క లేకపోతే ఆరెకరాలు నాలుగు భాగాలు. తలా ఎకరన్నర.

"మరి ఆ ఒక్క ముక్క తీసెయ్యమని ఎవరూ అడగకూడదా?" అంది. అడగవచ్చు. ఆ అవకాశం ఎప్పుడు ఉంటుందంటే, నేను పైన చెప్పానే, క్లాజులు ఒక్కొక్కటీ చదివేటప్పుడు. ఫలానా మాటలు తొలగించాలి, ఫలానా తేదీకి బదులు ఫలానా తేదీ పెట్టాలి అని ఏ సభ్యుడైనా సవరణ ఇవ్వవచ్చు. దాని మీద ఓటింగు జరగాలి. గొంతులతో సరిపెట్టవద్దు, లెక్కపెట్టండి అంటే డివిజన్ అని మనుషుల్ని లెక్కపెట్టాలి. నినాదాలకి కెమెరాలు తిరిగినట్టు ఈ క్లాజుల దగ్గర తిరగవు. మా మావారు కూడా సరిగ్గా అప్పుడే ఛానెల్ మార్చి పాటలు పెడతారు. (ఇది చదివి కోపం తెచ్చుకోరని నమ్ముతున్నాను.)

ఆ ముక్కని చివరికి పార్లమెంటు తీసేసింది. 9 సెప్టెంబర్ 2005 నుంచి దేశమంతా కూతురికి పెళ్ళి ఎప్పుడైనా సరే పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా వద్దా అని కోర్టుల్లో ఎన్నో ఏళ్ళు వాదనలు జరిగితే, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, హక్కు పుట్టుకతో వచ్చేది కనుక తండ్రి బతికి ఉండనక్కరలేదని తేల్చి చెప్పింది. అయితే ఇందులోనూ ఒక తేదీ ఉంది. 20 డిసెంబర్ 2004కి ముందే రిజిస్టరు దస్తావేజుతో గానీ, కోర్టు డిక్రీతో గానీ పంపకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగదోడటానికి లేదు. మా తాతయ్య పంపకం 1998. రిజిస్టరు అయింది. అమ్మకి రెండోసారి కూడా తేదీయే అడ్డం వచ్చింది.

మీరు మాత్రం ఒకసారి చూసుకోండి. పుట్టింట్లో పిత్రార్జితం ఉండి, రిజిస్టరైన పంపకం ఆ తేదీకి ముందు జరగకపోతే, మీ పెళ్ళి 1970లో అయినా 1980లో అయినా మీకు భాగం ఉంది. ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం అంటే కోర్టులు అంత తేలికగా ఒప్పుకోవు, గట్టి రుజువు చూపించాలి. సంతకం పెట్టమని ఎవరైనా కాగితం పంపిస్తే, అన్నయ్యేగా అని చదవకుండా పెట్టకండి. చదివాక ఇష్టమై వదులుకుంటే అది మీ పెద్దమనసు. ఇంకొకటి, తండ్రి తన భాగం వరకు వీలునామా రాసుకోవచ్చు. పెద్దకూతురికి అన్యాయమైందని తాతయ్యకి అనిపించి ఉంటే, తన రెండెకరాల్లోంచి అమ్మకి ఎక్కువ రాసి ఉండవచ్చు. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

అసెంబ్లీ రోజున బయటికి వచ్చాక మా డబ్బా మాకు తిరిగి ఇచ్చారు. పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్టు కింద బల్ల మీద కూర్చుని పెరుగన్నం తిన్నాం. మా అమ్మాయి ఆ రోజు చూసినదంతా నోట్సు రాసుకుంటోంది. అమ్మ అన్నం కలుపుతూ, తినకుండా, చాలాసేపు ఆ తెల్ల భవనం వైపే చూసింది. "మీ పిన్ని ఏం చేసిందే పాపం, దానికి పెళ్ళి వాయిదా పడిందని ఏడ్చింది కూడా" అంది. నేను మాట్లాడలేదు. లాయరుగారి దగ్గరి నుంచి వచ్చాక ఆ సాయంత్రమే పిన్నికి ఫోను చేసింది. ముప్పావుగంట మాట్లాడుకున్నారు. పొలం మాట ఒక్కటీ రాలేదు, మోకాళ్ళ నొప్పులూ, పిన్ని మనవడి చదువూ, అంతే.

ఎండలు ముదరకముందే ఈసారి పిన్ని మినుములు మా ఇంటికే పంపించింది, అమ్మ ఇక్కడే ఉందని. పది కిలోలు. అమ్మ చాటలో పోసుకుని చెరిగి, రాళ్ళు ఏరి, రెండు కిలోలు నానపోసింది. బూడిద గుమ్మడికాయ పెద్దది ఒకటి తెప్పించింది. మేడ మీద పాత చీర పరిచి వడియాలు పెట్టాం, రెండు రోజుల ఎండకే గలగలమన్నాయి. కొన్ని పిన్నికి పంపడానికి అమ్మ డబ్బాకి ఎత్తింది. పప్పు మరీ మెత్తగా రుబ్బితే వడియం వేగాక గుల్లగా రాదట, కాస్త బరకగా ఉండాలట. గుమ్మడి ముక్కలకి ముందురోజు రాత్రే ఉప్పు, పసుపు పట్టించి గుడ్డలో మూటకట్టి బరువు పెట్టాలి. కారానికి పచ్చిమిర్చే వాడాలి గాని ఎండుకారం వద్దంటుంది అమ్మ.